దూది లేని నడక

రోహిణి కార్తె, ఆఖరి వారం

రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. రోళ్ళు మోసుకు తిరిగే ఓపిక మా ఊరికి లేదు, అందుకని నేల పగిలింది. మంచె మీద కూర్చుని చూస్తే రేగడంతా నెర్రెలే. ఆ నెర్రెల్లోకి తొలకరి దిగేలోగా ఊరిని బండమెట్ట ఎక్కించాలి. వాన పడితే రేగడి జిగురవుతుంది, గొలుసు చక్రాలు కూరుకుపోతాయి, ఆగిన ఊరి మీదికి వెనక నుంచి వాగు వస్తుంది. పోయినేడు తూర్పు వైపు ఊరొకటి అలాగే ఆగిపోయింది. దాని పేరు ఇప్పుడు మా వాళ్ళెవరూ పలకరు.

నా పేరు శౌరమ్మ. ఒకదానికొకటి కొక్కేలతో తగిలించిన ఇళ్ళ బండ్లే మా నడకూరు, ముందు బండి మంచె మీద కూర్చుని దాన్ని నడిపేది నేను. పిల్లలు డ్రైవరమ్మ అంటారు, పెద్దవాళ్ళు పని పడితే శౌరమ్మా అంటారు, పని తీరాక కోపిష్టిది అంటారు. నాకు వినబడదనుకుంటారు. నేలలో చీమ నడిచినా వినే యంత్రం ముందు కూర్చునే మనిషికి ఊళ్ళో గుసగుసలు వినబడవా?

ఈ నడక పుస్తకంలో నడిపే మనిషి చూసిందీ విన్నదీ రాయాలి, వంకలు రాయకూడదు. కాబట్టి ఉన్నదే రాస్తున్నాను. మొన్న గొలుసులకు గ్రీజు పెట్టాల్సింది. మధ్యాహ్నానికి ఒక్క బండి కూడా పూర్తి కాలేదు. కారణం బంతే అనే మనిషి.

బంతే బౌద్ధ భిక్షువు, వాళ్ళను అలాగే పిలుస్తారట. అసలు పేరు విమలసారుడు, అంత పొడుగు పేరు పలికే తీరిక మా ఊళ్ళో ఎవరికీ లేదు. చలికాలం చివర్లో ఎక్కడినుంచో నడుచుకుంటూ వచ్చి, ఒక బండి నీడలో గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. ఎవరో అన్నం పెట్టారు. ఉండిపోయాడు. పెద్దగా బోధలేమీ చెయ్యడు. నీళ్ళు తాగేముందు గుడ్డలో వడగట్టి, గుడ్డకు అంటిన పురుగులను మళ్ళీ అదే తొట్లో వదిలిపెడతాడు. పిల్లలు అది చూసి నవ్వుతారు. నాలుగు రోజులు నవ్వి, తర్వాత వాళ్ళూ గుడ్డలు తెచ్చుకుంటారు.

గొలుసుల పని చూసే మా ఆయన ఇన్నయ్య మంచె కిందికి వచ్చి తల పట్టుకున్నాడు.

"తేళ్ళు ఏరతన్నాడే. గొలుసు కణుపు కణుపుకీ పుల్ల పెట్టి చూసి, ఉంటే దొన్నెలోకి తోసి, అవతల వొదిలొచ్చి, అప్పుడు గ్రీజు కానియ్యమంటన్నాడు."

"కుట్టలేదా?"

"కుట్టింది. పాపం, భయపడినట్టుందన్నాడు. తేలునన్నాడో నన్నన్నాడో తెలవలా."

నేనే దిగి వెళ్ళాను. బంతే చెయ్యి వాచి ఉంది. నేను నోరు తెరిచేలోపే, "మీ పని ఆపాను, తప్పే తల్లీ. రేపు మీ అందరికంటే ముందు లేచి నేనే చూసి పెడతాను. మీరొచ్చేసరికి గొలుసులు ఖాళీగా ఉంటాయి" అన్నాడు. తగువుకు వెళ్ళిన మనిషితో తగువు పడనివాడంటే నాకు ఒళ్ళు మంట.

మర్నాడు నిజంగానే ఖాళీ చేసి పెట్టాడు. గ్రీజు పని ఒక్క పూటలో అయిపోయింది.

మృగశిర, మొదటి రోజు

మృగశిరలో ముంగిళ్ళు చల్లబడతాయి. ఈసారి ముంగిలి కాదు, ఏకంగా ఆకాశమే చల్లబడింది. పొద్దున్నే పడమర నల్లగా ఉంది. వాన ఇంకా చాలా దూరంలో ఉందని మా లెక్క. లెక్క తప్పింది. ఊరిపెద్ద మస్తాన్‌వలి వెంటనే దూది తంతు పెట్టించాడు.

ఇది మా ఊరికే ఉన్న ఆచారం కాబట్టి రాస్తాను. రేగడి అడుగున పాతకాలం వాళ్ళు సున్నపురాయి తవ్వుకుపోయిన గుల్లలున్నాయి. గుల్ల మీదికి ఊరు వెళ్తే అంతే సంగతులు. అందుకని ఊరి కింద యంత్రపు చెవులుంటాయి. నేల మోతను అవి మంచె మీదికి పంపుతాయి, నేను విని పక్కకు తిప్పుతాను. చిక్కేమిటంటే, చెవులు గుల్లలను మాత్రమే వినవు. తొలకరికి నేలలోంచి పైకొచ్చే సమస్తాన్నీ వింటాయి. చక్రం కింద పడేదాకా వింటాయి, పడేటప్పుడూ వింటాయి. తాబేలు చిప్పకు ఒక మోత ఉంటుందని నాకు ముందు నడిపినవాళ్ళు చెప్పేవాళ్ళు, ఎండ్రకాయకు ఒకటని. మిగతావి రాయను. ఆ బాధ పడలేక మా పూర్వులు ఒక మీట పెట్టారు. అది నొక్కితే చిన్న మోతలు పోయి పెద్దవే మిగులుతాయి. ఆ మీట పేరు దూది.

మీట నొక్కేముందు ఊరంతా మంచె చుట్టూ చేరుతుంది. ఊరిపెద్ద పసుపు నీళ్ళలో తడిపిన నిజం దూది తెచ్చి, నడిపే మనిషి రెండు చెవుల్లో పెట్టి, "నీకు వినపళ్ళా. నీకు పాపం లేదు" అంటాడు. ఊరంతా "పాపం లేదు" అంటుంది. అప్పుడు ఊరు కదులుతుంది.

మస్తాన్‌వలి దూది చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు బంతే, తను అడుగేసే చోటల్లా ఊడ్చుకునే చీపురుతో, గుంపులోంచి ముందుకొచ్చాడు.

"శౌరమ్మ తల్లీ, దూది లేకుండా నడపగలవా?"

అందరూ నా వైపు చూశారు. నాకు మండింది.

"ఎందుకు? కప్పలు చస్తంటే నేను ఏడస్తా కూచోటానికా? మరి ఈళ్ళందర్నీ మెట్ట మీదికి ఎవరు చేరస్తారు, మీ చీపురా?"

జనం నవ్వారు. బంతే కూడా నవ్వాడు.

"ఆగమనడం లేదు తల్లీ. వినమంటున్నాను."

"వింటే ఏమవుద్ది?"

"నాకూ తెలియదు."

మస్తాన్‌వలి నెమ్మదస్తుడు. ఎవరినీ గట్టిగా ఒక మాట అనడు. "బంతే, నా చిన్నప్పుడు తిరపతయ్యని ఒకాయన దూది తీసి నడిపాడు. పొద్దుగూకే ఏళకి మంచె దిగి, అట్టా రేగట్లోకి నడుచుకుంటా పోయాడు. మళ్ళీ రాలా. ఈమెను కూడా పోగొట్టుకోమంటారా?" అన్నాడు.

బంతే మంచె వైపు చూశాడు. "మంచె మీద ఆయన పక్కన ఎవరన్నా కూర్చున్నారా ఆ రోజు?" అని అడిగాడు.

మస్తాన్‌వలి దూదిని ఇంకోసారి పిండాడు. నేను తల వంచి చెవులు చూపించాను. దూది పెట్టాడు. పాపం లేదన్నారు. ఊరు కదిలింది.

మృగశిర, ఐదో రోజు

వాన మొదలైంది. రాత్రీ పగలూ తేడా లేని ముసురు. నేల ఇంకా గట్టిగానే ఉంది, పై పొర మాత్రం మెత్తబడింది. పాత దారిని పోయినేడు వాగు కోసుకుపోయింది, అందుకని ఎప్పుడూ నడవని దారిన నడుస్తున్నాం. ఊరి నడకంటే మనిషి నడకకంటే కాస్త ఎక్కువ, ఎద్దు పరుగుకంటే తక్కువ.

బంతే ఊరికి ముందు నడుస్తున్నాడు, చేతిలో ఈతాకు చీపురు. ముందు బండి చక్రాలు ఎక్కడ పడతాయో వెనక బండ్లవన్నీ అక్కడే పడతాయి. కాబట్టి ఊడవాల్సింది రెండు బాటలే. ఆయన ఒక్కడు. ఎడమ బాట ఊడిస్తే కుడి బాట మిగిలిపోతుంది. ఆరుద్ర పురుగులు ముందే బయటపడ్డాయి, నేల మీద కుంకుమ చల్లినట్టు ఎర్రగా పాకుతున్నాయి. వాటిని చీపురుతో కాదు, తాటాకు మీదికి ఎక్కించి పక్కన దించుతున్నాడు. కాసేపటికి ఊరు ఆయన్ను దాటేస్తుంది. ఆయన పక్కకు తప్పుకుంటాడు. మళ్ళీ పరుగెత్తి ముందుకొస్తాడు. ఆ వయసులో ఆ పరుగు చూడటం నావల్ల కాక నేను కళ్ళు తిప్పుకున్నాను. వేగం మాత్రం తగ్గించలేదు.

సాయంత్రం ఊరు ఆగినప్పుడు ఆయన వంటబండి అరుగు మీద కూర్చుని, ఒళ్ళో తాబేలు పెట్టుకుని, పగిలిన చిప్పకు లక్క కరిగించి అతుకుతున్నాడు. చుట్టూ పిల్లలు, ఆడవాళ్ళు. నేను అన్నం తీసుకోవడానికి వెళ్ళి చూశాను.

"నన్ను దెప్పటానికేనా ఇదంతా?" అన్నాను.

"నీకు కనబడాలని కాదమ్మా. ఇక్కడ దీపం ఉంది." లక్క ఆరేదాకా చిప్పను రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. "నువ్వు తిన్నావా?"

తినలేదని చెప్పాను. నా గిన్నెలో అన్నం చల్లారిపోయిందని అప్పుడే గమనించాను.

మృగశిర, తొమ్మిదో రోజు

జొన్నల బండి కుడి చక్రం గుల్లలో పడింది.

నా మంచె ఆ నేల మీదుగా దాటింది, వెనక బండ్లు కూడా దాటాయి. జొన్నల బండి బరువుకు నేల కప్పు కూలింది. పక్కన నడుస్తున్న ఇన్నయ్య కాలు గొలుసుకూ గుల్ల అంచుకూ మధ్య ఇరుక్కుంది. బయటికి తీసేసరికి కాలు వంకర తిరిగి ఉంది. అరవలేదు. "జొన్నలు తడవకుండా చూడు" అన్నాడు. ఎముక కట్టే మనిషి కట్లు కడుతుంటే మాత్రం నా చెయ్యి నలిపేశాడు.

బండిని పైకి లాగడానికి రోజంతా పట్టింది. గుల్లల బెల్టు ఇంకా సగం ఉంది. వెనక వాగు చప్పుడు చెవులు లేకుండానే వినబడుతోంది.

నేను నిజంగా ఆ గుల్లను వినలేదు. పెద్ద గుల్ల డప్పులా మోగుతుంది, అది దూదిలోంచి కూడా వినబడుతుంది. మరి ఇది ఎలా తప్పింది? చెవులు విన్నది ఒక రోజు దాకా యంత్రంలో ఉంటుంది. మంచె ఎక్కి తలుపు వేసుకుని, దూది మీట తీసి, ఆ వేళ మోతను మళ్ళీ పెట్టాను.

ఇరవై ఏళ్ళుగా ఊరు నడుపుతున్నాను. తొలకరి నేల మోత మొత్తంగా వినడం ఇదే మొదటిసారి. వాన చినుకు నేలలో ఇంకే చప్పుడు, వేళ్ళు తెగే చప్పుడు, కప్పలు. చక్రం కింద కప్పలు. రాయనన్నాను, రాస్తున్నాను. అది తడిగా ఉంటుంది, చిన్నగా ఉంటుంది, ఆగకుండా ఉంటుంది. ఆ మోతల మధ్యలో ఎవరో పచ్చి పుల్లలు విరుస్తున్నట్టు సన్నటి చిటచిటలు వచ్చాయి. అది గుల్ల కప్పు నెర్రెలిచ్చే చప్పుడు. కప్ప ఎముక విరిగేదెంతో అదీ అంతే. దూది ఆ రెండింటినీ కలిపి తినేసింది.

కూలబోయే నేల ముందే చెప్పింది. దాని మాట వినకుండా ఉండే ఏర్పాటు మేమే చేసుకున్నాం. నాకు కోపం ఎవరి మీద రావాలో తెలియక కాసేపు యంత్రాన్ని తిట్టాను.

మృగశిర, ఆఖరి రోజులు

మస్తాన్‌వలితో చెప్పాను. ఆయన తడిసిన తలగుడ్డ పిండుకుంటూ విన్నాడు.

"దూది లేకపోతే నువ్వు ఆగుతావు శౌరమ్మా. ఆగితే మునుగుతాం."

"దూది ఉంటే పడతాం మస్తానన్నా."

"నీకేమన్నా అయితే? నడపటానికి ఇంకో మనిషి లేదు."

"అట్టయితే నాకేమీ కాకుండా చూడండి."

పోట్లాట అక్కడితో ఆగింది. బరువు తగ్గించడానికి నడవగలిగిన వాళ్ళందరినీ బండ్లు దిగమని ఆయన చాటించాడు. దిగారు, గొణుక్కుంటూ దిగారు. చంటిపిల్లలూ ముసలివాళ్ళూ ఇన్నయ్య లాంటి వాళ్ళూ మాత్రం లోపల ఉన్నారు.

మీట తీసి ఊరిని కదిలించాను. ఎక్కువ దూరం పోలేదు. ఎడమ చక్రం కింద ఏదో ఒక్కసారి కూసింది. తాబేలు కూయదు, కప్ప అలా కూయదు. ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఊరిని ఆపేశాను. నేను ఏడిస్తే ఊరు చూసి ఎన్నాళ్ళయిందో, ఆ రోజు చూసింది. తిరపతయ్య ఎందుకు దిగి వెళ్ళిపోయాడో నాకు అర్థమైంది. మంచె మెట్ల వైపు చూస్తే నాకూ దిగి పోవాలనే అనిపించింది.

ఆ మెట్ల మీద బంతే కూర్చుని ఉన్నాడు. తలుపు బయట, వానలోనే. ఆడమనిషి ఒక్కతే ఉన్న మంచెలోకి రాకూడదని వాళ్ళ నియమమట.

"మీరు ముందు ఊడవాలి గదా" అన్నాను.

"చీపురు వంటబండి ఆడవాళ్ళు తీసుకున్నారు. నేనిక్కడ ఉంటాను."

"చంపతన్నాను బంతే."

"అవునమ్మా." నా మనసు కుదుటపడటానికైనా కాదనలేదు. "అది నీకు వినబడింది. ఇందాక నీ చెయ్యి నడిపే మీట మీద ఎంత మెల్లగా పడిందో నేను చూశాను. అంత మెల్లగా నువ్వు నడపడం ఈ పది రోజుల్లో చూడలేదు."

"మెల్లగా పోతే మునుగుతాం."

"వేగంగా పోవాల్సిన చోట వేగంగానే పో. ఎక్కడ ఏది కావాలో ఇప్పుడు నీకు తెలుస్తుంది. నేను ఇక్కడి నుంచి కదలను."

ముక్కు చీదుకుని కూర్చున్నాను. ముందు చూస్తే వంటబండి ఆడవాళ్ళు చీపుర్లూ చేటలూ పట్టుకుని రెండు బాటల మీదా నిలబడ్డారు. కప్పల కోసం వానలో నడవడమేందని తిట్టుకుంటున్న మగవాళ్ళు కొందరు వాళ్ళ వెనక గంపలు పట్టుకున్నారు, బహుశా వాళ్ళ ఆడవాళ్ళ చూపులకు భయపడి. ఎవరు దేనికి దిగితేనేం, బాట ఖాళీ అవుతోంది.

అప్పటినుంచి విని నడిపాను. నేల మోతతో పాటు వందల కాళ్ళ చప్పుడు, చీపుర్ల చప్పుడు. చీపురు పడిన చోట చక్రం కింద మట్టి మోతే వస్తోంది. ఒక్కో చోట తప్పిపోయేది, అదీ వినబడేది. విన్న ప్రతిసారీ మెట్ల వైపు ఒకసారి చూసి నడిపేదాన్ని. సాయంత్రంలోగా కూలబోయే గుల్లలు రెండు ముందే విని తప్పించాను. రాత్రి అన్నం తిన్నాను, కక్కలేదు.

ఆరుద్ర, రెండో రోజు

ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటారు. ఈ మాట అన్నవాళ్ళు మెట్ట మీద కూర్చుని అని ఉంటారు. ఈ రోజు వాన కాదు, కుంభవృష్టి. మెట్ట ఏటవాలు కళ్ళ ముందు ఉంది. మధ్యలో ఒక ఇరుకు బాట. అటూ ఇటూ గుల్లలు డప్పుల్లా మోగుతున్నాయి. ఊరికి సరిపడా గట్టి నేల ఆ ఒక్క బాటే. వెనక వాగు గట్టు తెంచుకుంది. చిట్టచివరి బండి చక్రాలకు నీళ్ళు తగులుతున్నాయని కబురొచ్చింది.

బాట మధ్యలో కుడి చెవికి వినబడింది. నేల లోపల గోకుడు, బుసలు, వాటి కింద ఇంకా సన్నగా చీమిడి ముక్కుతో ఏడ్చినట్టు కుయ్యి కుయ్యిమని రెండు మూడు గొంతులు. సరిగ్గా కుడి చక్రం పడే చోట. ఆపాను.

చీపురు పట్టుకున్న వాళ్ళు చూసి చెప్పారు, ముళ్ళపంది బొరియ అని. తల్లి పిల్లలతో లోపల ఉంది. నీళ్ళు వస్తున్నాయని తెలిసి కూడా పిల్లల్ని వదిలి బయటికి రావడం లేదు.

మస్తాన్‌వలి వానలో పరుగెత్తుకుంటూ వచ్చాడు. మంచె మెట్ల కింద నిలబడి చెయ్యి చాపాడు. చేతిలో దూది ఉంది. పసుపు కూడా లేదు, ఉత్త దూది.

"ఒక్కసారి పెట్టుకో శౌరమ్మా. నువ్వు ఇన్నాళ్ళూ విన్నావు, చాలు. ఈ ఒక్కటీ నేను మోస్తాను. నా పాపం అనుకో."

ఆ మనిషి కళ్ళలో నీళ్ళు వాన నీళ్ళు కావు. ఆయన తప్పు లేదు. తోక బండ్లలో పిల్లలున్నారు. నేను బంతే వైపు చూశాను. కనీసం తల అడ్డంగా ఊపుతాడేమో అనుకున్నాను. ఊపలేదు. మెట్లు దిగి బొరియ దగ్గరికి వెళ్ళాడు. అక్కడ చేతులు కట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. భిక్షువులు మట్టి తవ్వకూడదని నియమం. మట్టిలో ప్రాణులు చస్తాయని పెట్టింది. అది ఆయనే మాకు చెప్పాడు. ఒక్క క్షణం తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో తవ్వడం మొదలుపెట్టాడు.

నడక మధ్యలో నడిపే మనిషి మంచె దిగకూడదని మాకూ ఒక నియమం ఉంది.

"మస్తానన్నా, తోక బండ్లలో ఉన్నోళ్ళని ముందుకు చేర్పించు, ఎత్తుకునైనా తీసుకురండి" అని చెప్పి దిగాను. తోకలో ఆఖరి బండి మా ఇల్లే. తోకను వదిలేసి తలొక్కటే గట్టెక్కకుండా, నడిపే మనిషి ఇంటిని చిట్టచివర కట్టడం మా ఊళ్ళో పద్ధతి. ఇన్నయ్య అందులోనే ఉన్నాడు.

పలుగు తెప్పించి బొరియకు పక్క నుంచి తవ్వాను. పిల్లలకు తగలకుండా తవ్వాలంటే పలుగు కొంతవరకే పనికొస్తుంది, తర్వాత చేతులే. నాతో ఇంకో నలుగురు కూర్చున్నారు. బంతే గోళ్ళలో నెత్తురు, మట్టి. "నియమం తప్పింది గదా బంతే" అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని. "తప్పింది. మా వాళ్ళు కనబడినప్పుడు ఒప్పుకుంటాను. అటు వైపు కాస్త వెడల్పు చెయ్యమ్మా" అన్నాడు.

తల్లి ముళ్ళు విప్పి నా చేతి మీదికే దూకింది. అరచేతిలో రెండు ముళ్ళు దిగాయి. దాని మీద గోనె కప్పి గంపలోకి దొర్లించారు. పిల్లలు మూడు, ముళ్ళింకా మెత్తగానే ఉన్నాయి. బంతే తన పైగుడ్డలో వాటిని ఎత్తి తల్లి పక్కన పెట్టాడు.

మంచె ఎక్కేసరికి తోకలో మా ఇల్లు నీళ్ళలో తేలడానికి చూస్తోంది. ఇన్నయ్యను ఇద్దరు భుజాల మీద మోసుకొచ్చి వంటబండిలో పడుకోబెట్టారు. మా ఇంటి బండి బరువుతో మొత్తం ఊరు వెనక్కి లాగుతోంది. కొక్కెం తెంచమని నేనే చెప్పాను. తెంచేవాళ్ళు నా మొహం వైపు చూస్తూ ఆగారు. "తెంచండయ్యా, నేను జెప్తన్నా గదా" అన్నాను. తెంచారు. చెవుల్లో ఆ తెగిన మోత విన్నాను. తర్వాత మా ఇల్లు గుల్లలో పడే మోత కూడా విన్నాను. దూది తీసేసిన దాన్ని, అది వినకుండా ఎలా ఉంటాను? ముందుకు నడిపాను. చక్రాలు బండ రాయిని తాకాయి. రాయి మోత గుల్లగా ఉండదు, మెత్తగా ఉండదు. నాకు ఎంతో ఇష్టమైన మోత అది.

బండమెట్ట, ఆషాఢ పున్నమి

ఊరు ఆగింది. ఇక వానలు వెనకబట్టేదాకా కదలదు. బంతే కూడా కదలడు, వానాకాలం నడవకూడదని వాళ్ళ నియమమట. ఈ ఒక్క నియమం మాకూ వాళ్ళకూ కలిసింది.

మేము వంటబండిలో ఒక మూల ఉంటున్నాం. ఇన్నయ్య కాలు అతుక్కుంటోంది, కొంచెం కుంటు మిగులుతుందంటున్నారు. కొత్త ఇంటికి కలప అడిగితే ఊరు ఇస్తామంది, కొందరు మొహం మాడ్చుకుని ఇస్తామన్నారు. ముళ్ళపంది కోసం ఇల్లు పోగొట్టుకుందని నీళ్ళ దగ్గర ఎవరో నవ్వారట. నవ్వనీ. వచ్చే ఏటికి దూది తంతు ఉండదని మస్తాన్‌వలి సభలో చెప్పాడు. నడిపే మనిషి పక్కన మెట్ల మీద ఎప్పుడూ ఒకరు కూర్చోవాలని కొత్త పద్ధతి పెట్టాడు. వచ్చే రోహిణికి నడిపేది నేనే. చెవులు తెరిచే నడుపుతాను. బాట ఊడిచే వాళ్ళకు ఈ వానాకాలమంతా నేను నేర్పిస్తాను, చక్రం ఎక్కడ పడుతుందో, ఎంత ముందు నడవాలో. వేగం తగ్గకుండానే చెయ్యొచ్చు, రోహిణి మొదట్లోనే బయల్దేరితే చాలు. ఆ మాట సభలో గట్టిగానే చెప్పాను.

ముళ్ళపందిని ఎండిన రాళ్ళ సందులో వదిలారు. సాయంత్రం బంతే అటు వెళ్తుంటే వెంట నేనూ వెళ్ళాను. అరచేతి గాయం ఇంకా సలుపుతోంది. పిల్లలు బయట తిరుగుతున్నాయి. తల్లి మమ్మల్ని చూసి ముళ్ళు గలగలలాడించింది. విశ్వాసం లేని జంతువు.

చాలా రోజులుగా లోపల పెట్టుకున్నది అడిగేశాను.

"బంతే, ఆ రోజు నేను దూది పెట్టుకుని ఆ బొరియ మీంచే నడిపించి ఉంటే, మీరు ఏం చేసేవాళ్ళు?"

ఆలోచించకుండా చెప్పాడు.

"గొయ్యి తవ్వి వాటిని పూడ్చేవాణ్ణి. తర్వాత నా గిన్నెలో ఆ రోజు పడిన అన్నం తెచ్చి నీకు పెట్టేవాణ్ణి. ఆ పూట నీకు ముద్ద దిగేది కాదు గదా తల్లీ. తినేదాకా మెట్ల మీద కూర్చునేవాణ్ణి."

"నన్ను తిట్టేవాళ్ళు కాదా?"

"పిల్లలు కుయ్యిమంటుంటే ముందు ఎవరి దగ్గరికి వెళ్తాం? నొప్పి ఎక్కువున్న దాని దగ్గరికే గదా. అవి పోయాక అక్కడ నొప్పితో మిగిలేది నువ్వే."

నేను రాళ్ళ వైపు తిరిగి నిలబడ్డాను. బంతే వెళ్ళిపోలేదు. పొద్దు వాలేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.